పంతొమ్మిదో తొట్టికి ఎవరు పోశారు?

పంతొమ్మిదో తొట్టిలోని పగడాలన్నీ చచ్చిపోయాయని పొద్దున్నే షెడ్డును నడిపే యంత్రం సమధార కబురు పెట్టింది. ఆ పగడాల బాధ్యత చూసే గరికిన పైడమ్మ గుండె చేత్తో పట్టుకుని షెడ్డుకు పరుగెత్తి చూస్తే అవి నిక్షేపంగా బతికే ఉన్నాయి.

ఊదారంగు కొమ్మల నిండా ఆవగింజంత నోళ్లు. అన్నీ విచ్చుకుని నీటిలో ఊగుతున్నాయి. పైడమ్మకు సంతోషం కలగలేదు. సమధార చచ్చాయంటే చచ్చినట్టే. సాయంత్రం నాలుగింటికి తొట్టి తూము దానంతటదే తెరుచుకుంటుంది. నాలుగేళ్లు పెంచిన పగడాలు రాళ్లకుప్ప పాలవుతాయి. వచ్చే వారం వాటిని సముద్రంలో నాటాలి. తుఫాను కెరటాన్ని విరిచే పగడపు గోడకు భీమిలి వైపు మిగిలిన ఆఖరి వరస అదే. ఆ వరసకు ఎదురుగా, ఒడ్డు మీద పైడమ్మ ఇల్లు ఉంది.

షెడ్డులో నలభై తొట్లు. అన్నిటికీ సమధారే కాపు. పగడం ఒంట్లో రాయి కట్టుకోవాలంటే నీళ్లలో కాల్షియం ఉండాలి, క్షారత కూడా ఉండాలి. ఇటుకలుండి సిమెంటు లేకపోయినా, సిమెంటుండి ఇటుకలు లేకపోయినా గోడ లేవదు కదా! రెండిట్లో పగడం రోజూ ఎంత లాక్కుంటే అంతా కొలిచి చుక్కలు వేస్తుంది సమధార. దానికి కళ్లు లేవు, లెక్కలే. నీళ్లలో మోతాదు తగ్గలేదంటే తినే ప్రాణం లేదని దాని లెక్క. పంతొమ్మిదో తొట్టి పదకొండు రోజులుగా ఒక్క చుక్క అడగలేదు.

ఆ పదకొండు రోజులూ పైడమ్మ ఇటు రాలేదు. రావాల్సిన పని ఉంటేగా!

ఆఫీసులో సమధార లెక్కలు చూసే తవిటయ్యకు ఫోను చేసింది.

"బావా, బతికే ఉన్నాయి. ఒచ్చి సూడు."

"నాను సూస్తే ఏటవుద్దమ్మా? మనిసి సూసినట్టు రాసుకోడానికి సమధారలో గడే లేదు." తవిటయ్య గొంతు తగ్గించాడు. "ఒకటుంది. ఎవడో తొట్లో సేత్తో ఏదో పోసుంటే, ఆ పోసినోడే దాని ముందు ఒప్పుకోవాలి. అప్పుడాగుద్ది. కానీ ఒప్పుకున్నోడు ఇంక జన్మలో షెడ్డు గుమ్మం తొక్కకూడదు. ఏ ఎర్రోడు ఒప్పుకుంటాడే?"

పైడమ్మ గోడ మీది తెరలో అంకెలు ముందుకీ వెనక్కీ తిప్పింది. మే నెల ఎండకు ప్రతి తొట్టీ రోజుకు బిందెడు నీళ్లు ఆవిరి చేస్తుంది. ఆ వెలితి పూడ్చడానికి మంచినీటి కుళాయి తిరుగుతుంది. పంతొమ్మిదో తొట్టి కుళాయి పదకొండు రోజులుగా తిరగలేదు.

"పగడం సచ్చిందే అనుకో," అంది పైకే. "ఎండ కూడా సచ్చిందా?"

అంటే ఎవరో రోజుకో బిందెడు పోస్తున్నారు. పోసేది వట్టి నీళ్లు కాదు. తొట్టి అంచున తెల్లటి చార ఒకటి ఎండి ఉంది. వేలితో గీకి నాలుకకు రాసుకుంది. కిళ్లీలో సున్నం ఎక్కువైనట్టు చుర్రుమంది. సున్నపు నీటిలో కాల్షియమూ ఉంటుంది, క్షారతా ఉంటుంది.

భీమిలి మొత్తానికి గుల్లలు కాల్చి సున్నం చెయ్యడం తెలిసినవాడు ఒక్కడే మిగిలాడు. అతని బట్టీ ఆరి ఇరవై ఏళ్లు.

ఊరి అవతల గుడిసెలో బైరాగి తాతను పట్టుకునేసరికి మూడు దాటింది.

"తాతా, తొట్లో సున్నం కలిపేసినావా?"

ముసలాయన భగ్గుమన్నాడు. "సున్నమా! కలిపితే నీళ్లు పాలనాగ తెల్లబడిపోవా? నానేటి నిన్న పుట్టినోణ్ణా? తేట! రేతిరి తేరబెట్టి, పైన తేట మట్టుకే కుండలో ఒంపి, సిల్లుకి ఒత్తి దూర్సి, శివుడికి అభిషేకంనాగ సుక్క సుక్క..." అని ఠక్కున ఆగిపోయాడు.

పైడమ్మ నవ్వలేదు. నాలుగింటికి ఏం జరగబోతుందో చెప్పింది.

"సంపేత్తాదా?" తాత లేచి నిలబడ్డాడు. "కడుపు నిండినోడు ఒద్దంటే సచ్చినాడనుకుంటాదా?"

దారిలో పైడమ్మ అంది, "ఒప్పుకుంటే ఇంక నిన్ను లోపలికి రానివ్వదు, తాతా."

తాత కర్ర తాటిస్తూ నడక జోరు చేశాడు.

"ఆ తేట తియ్యడం నాకు నేర్పుతావా?"

"నీకు కుండుందా?"

"రేపు కొంటాను."

వాళ్లు షెడ్డులో అడుగుపెట్టేసరికి తూము గొళ్లెం కిర్రుమంటోంది. తొట్టి నీళ్లు అంగుళం దిగాయి. తాత గోడమీది సమధార మైకు జాలీకి నోరానించి అరిచాడు. "పోసింది నానే! బైరాగిని!"

గొళ్లెం ఆగింది. నీళ్లూ ఆగాయి.

"కారణం చెప్పండి," అంది సమధార, తొణకకుండా.

తాత పైడమ్మ వైపు ఒకసారి చూశాడు.

"కారణమా? రాసుకో. నువ్వు రాకముందు ఇక్కడ ఇరవైమంది ఉండేవోరు. బట్టీ ఆరిపోయాక నాను రోజూ ఇక్కడికే ఒచ్చి కూకునేవోణ్ణి. ఏటి తాతా, తిన్నావా అని అడిగేవోరు. నువ్వొచ్చినావు, ఆళ్లు పోయినారు. తలుపుకి తాళం కూడా ఎయ్యరు, ఒచ్చేవోడు లేడని. నీ పని ఒక్క తొట్లో నాను సేసెత్తే, ఇక్కడ ఎందుకాగిందని సూడ్డానికి ఒక మనిసైనా ఒత్తాడనుకున్నాను. పగడాలకి ముప్పనుకోలేదు, అయ్యి నా తేట ఇట్టంగా తింతన్నాయి. పదకొండు రోజులు సూసినాను. ఈయాల ఈ గుంట పైడమ్మొచ్చింది. నన్ను గుమ్మం తొక్కొద్దంటే తొక్కను. బయట అరుగు నీది కాదు కదా! రేపు ఆడ కూకుని దీనికి నేర్పుతాను."