రాసి పెట్టిన రెండు గంటలు

కొలిమి మాస్టారుతో కాపురమంటే రోజూ పొద్దున్నే పరీక్షకు కూర్చోవడమేనని ఆయన భార్య ఫిర్యాదు. పాలు పొయ్యి మీద పెట్టగానే టైము చూసుకుంటారు. అవి పొంగేలోపు రెండుసార్లు "ఎన్ని నిమిషాలైంది?" అంటారు. ఇరవై ఏడేళ్లుగా పరిశోధనశాలలో ఫర్నేస్ నడుపుతున్న మనిషి కదా, ఇంట్లో స్టవ్ కూడా తన శాఖ కిందికే వస్తుందని ఆయన నమ్మకం. కొలిమి మాస్టారని అక్కడివాళ్లు పెట్టిన పేరుకు ఆయన మురిసిపోతారు. భరించేది ఆవిడ.

ఆ ఉదయం మాత్రం ఆవిడ కళ్లు స్టవ్ మీద లేవు, కూతురి మీద ఉన్నాయి. పిల్ల ముఖం కందగడ్డలా ఉంది.

కూతురు అదే పరిశోధనశాలలో లిథియం బ్యాటరీల మీద పనిచేస్తోంది. కార్బన్ పొడికి యూరియా కలిపి ఫర్నేస్‌లో కాలిస్తే ఆ కార్బన్‌లోకి నైట్రోజన్ చేరుతుందని, దాంతో చేసిన ఎలక్ట్రోడ్ ఎక్కువ ఛార్జి నిలుపుకుంటుందని ఆమె పేపరు రాసింది. "యూరియా పొలానికేస్తారు గానీ బ్యాటరీకేస్తారటే?" అని తల్లి అప్పట్లో నవ్వింది. ఇప్పుడు నవ్వే పరిస్థితి లేదు. రెండోసారి పరీక్షిస్తే యూరియా తగలని మామూలు కార్బన్ కూడా దానికి సమానంగా పనిచేసింది. అంటే నైట్రోజన్ వల్ల ఒరిగిందేమీ లేదన్నమాట. పేపరు వెనక్కి తీసుకుంటున్నానని ఇవాళ పదకొండింటికి వెళ్లి సంతకం పెట్టాలి.

"నాన్నా, మొదటిసారి పరీక్షలో నేను కార్బన్ సీసాలు తారుమారు చేశానని మా గైడ్ మేడమ్‌తో అన్నావట. నిజమేనా?"

మాస్టారు కాఫీ కప్పు దించలేదు. "చేసుండొచ్చు అన్నాను. నీ పరధ్యానం నాకు తెలీదా? మొన్న ఒక కాలికి నీ చెప్పు, ఇంకో కాలికి మీ అమ్మ చెప్పు వేసుకుని వీధి చివరిదాకా వెళ్లావు."

"చెప్పులూ సీసాలూ ఒకటేనా?"

"మరి నా ఫర్నేస్‌లో తప్పుందంటావా? రిజిస్టర్ చూసుకో. రెండోసారి కూడా యూరియా కలిపింది బయటికి తీశాక ఖాళీ గొట్టాన్ని రెండు గంటలు కాల్చాను. పన్నెండున్నర నుంచి రెండున్నర. ఆ తర్వాతే నీ మామూలు కార్బన్ పెట్టాను."

యూరియా కాలినప్పుడు ఫర్నేస్ లోపలి గొట్టం చివర తెల్లటి మడ్డి పేరుకుంటుంది. ఖాళీ గొట్టాన్ని కాల్చి దాన్ని వదిలించకపోతే, తర్వాత పెట్టినదానికి కూడా నైట్రోజన్ పట్టేస్తుంది. వినీ వినీ ఆ పాఠం తల్లికి కూడా కంఠతా వచ్చేసింది.

"ఏ రోజది?" అందావిడ.

"పోయిన నెల పద్నాలుగు. గురువారం" అంది కూతురు.

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. వాషింగ్ మెషిన్ పైపు ఊడి, నీళ్లు కింది వాటాలోకి కారి, కిందింటావిడ మెట్లెక్కి వచ్చి యుద్ధం చేసిన రోజది. ఆనాటి నుంచి కిందింటావిడ వీళ్లతో మాటలు మానేసింది. అంత మేలు జరిగిన తేదీని ఎవరైనా మర్చిపోతారా?

"ఒంటి గంటకు మీరు ఇంట్లో ఉన్నారు" అంది. "పైపు బిగిస్తున్నారు."

"పది నిమిషాలు వచ్చుంటాను."

"రెండు దాటాక వెళ్లారు. అన్నం తిని మరీ వెళ్లారు."

"అయితే ఏంటట? ఫర్నేస్ పని అదే చేసుకుపోతుంది!"

కూతురు లేచి నిలబడింది. "వెలిగే ఫర్నేస్‌ని వదిలి కదలకూడదని గోడకు కాగితం అంటించింది ఎవరు నాన్నా?"

"నేనే! ఏనాడూ వదల్లేదు. ఎవరినైనా అడుగు!" మాస్టారు బల్ల గుద్దారు.

"అంటే ఆపేసి వచ్చారు" అంది భార్య.

ఆయన ఇల్లు అదిరేలా అరిచారు. "కొంప మునిగిందని ఫోన్‌లో గగ్గోలు పెట్టింది నువ్వు కాదూ? రమ్మన్నది నువ్వే కదా!"

"రమ్మన్నాను. కాల్చకుండానే కాల్చానని రాయమన్నానా?"

"పొద్దున్నే రాసేసుకుంటాను! రోజూ చేసే పనేగా, వరసగా నింపేస్తాను. తర్వాత దిద్దలేదు. ఇరవై ఏడేళ్లలో ఒక్క కొట్టివేత లేని రిజిస్టర్ అది!"

"మీ కాగితం మీద గీత పడకూడదు. కన్నకూతుర్ని మాత్రం దొంగలా నిలబెట్టొచ్చు. సిగ్గుండాలి!" ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట అనడం ఆవిడకు అదే మొదటిసారి. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

కూతురు తండ్రి ముందుకొచ్చింది. "తెలిసే చెప్పావా?"

"చెప్పినప్పుడు గుర్తులేదు." ఆయన బల్ల వైపు చూశారు. "పోయిన వారం గుర్తొచ్చింది."

"వారం! ఈ వారమంతా నేను తిండి మానేసి ఏడుస్తుంటే ఎదురుగా కూర్చుని కాఫీ తాగావా?" ఆమె సంచీ లాక్కుని గుమ్మం వైపు నడిచింది. తల్లి వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఆగు. ఏవండీ, ఆ మేడమ్‌కి ఫోన్ చెయ్యండి. లేదా నేను చేస్తాను. నేను మొదలుపెడితే పైపు దగ్గర్నుంచి చెప్తాను."

మాస్టారు ఫోన్ తీశారు. వేలు రెండుసార్లు తప్పు నంబరు మీద పడింది.

"మేడమ్, ఫర్నేస్ నుంచి... కాదు, ఇంటి నుంచి మాట్లాడుతున్నానండి. పద్నాలుగో తారీకున ఖాళీ గొట్టం కాల్చలేదు."

"రిజిస్టర్‌లో ఉంది కదా మాస్టారూ?"

"ముందే రాసి పెట్టానండి. పిల్ల సంతకం పెట్టక్కర్లేదు. గొట్టం శుభ్రంగా కాల్చి ఆ మామూలు కార్బన్ మళ్లీ చేయించండి. నా చేత వద్దనుకుంటే ఇంకెవరి చేతనైనా సరే."

ఫోన్ పెట్టేసి లేచారు. కూతురికి రెండడుగుల దూరంలో ఆగిపోయారు. అంతకన్నా దగ్గరికి వెళ్లే ధైర్యం ఆయనకు చాలలేదు.

"గొట్టం కాల్చకపోవడం ఒక తప్పు. గుర్తొచ్చాక కూడా నిన్ను ఏడవనివ్వడం అంతకన్నా పెద్ద తప్పు. రెండూ నావే అమ్మలూ."