గాలి దిగని తిత్తి

నాకు అసహ్యం అంత తేలిగ్గా పుట్టదు. రేవులో పీతలు శుభ్రం చేసే షెడ్డులో నా పని. డొప్ప ఊడపీకడం, లోపలి మొప్పలు బొటనవేలితో గీకి బకెట్లో పారెయ్యడం, మధ్యాహ్నం గ్లవుజులు విప్పి అక్కడే నిలబడి రొట్టె తినడం. ఆ కంపులోనే టీ కూడా తాగేదాన్ని. అలాంటిదాన్ని, పోయిన చలికాలం నా వంటింట్లో, నా మొగుడి మూతి చూసి సింకు దగ్గరికి పరిగెత్తాను. తేనె సీసాని ఇప్పటికీ ఇంట్లోకి రానివ్వను.

మాది కెనడాలో కేప్ బ్రెటన్ దీవి. మా ఆయన లాకీ బొగ్గుగనిలో పనిచేశాడు. గని మూతపడి చాలా ఏళ్ళయింది గానీ ఆ దుమ్ము మాత్రం ఆయన ఊపిరితిత్తుల్లోంచి కదల్లేదు. ఆకులు రాలే రోజుల్లో డాక్టరమ్మ ఆయన చేత ఒక గొట్టంలోకి ఊదించి, అంకెలు చూసి, పెదవి విరిచింది. "ఫిబ్రవరిలో మళ్ళీ చూస్తాను. ఇంకొంచెం తగ్గితే ఇక ఆక్సిజన్ సిలిండరే. ముక్కులో గొట్టం, ఎటు వెళ్ళినా వెనకాలే బండి. ఈలోపు ఏదైనా ఊదే అలవాటు చేసుకోండి, మంచిది" అంది. సిలిండరు తగిలించుకున్నవాళ్ళు మా వీధిలో ఎన్నాళ్ళు బతికారో మా ఇద్దరికీ తెలుసు.

"బ్యాగ్‌పైప్ నేర్చుకుంటా" అన్నాడు లాకీ, కారెక్కగానే. చంకలో తోలుతిత్తి పెట్టుకుని, నోటితో దాన్లోకి గాలి ఊదుతూ వాయించే వాద్యం అది.

"నాలుగు మెట్లెక్కితే కుక్కలా రొప్పుతావు. నీకు బ్యాగ్‌పైపా?"

"మా తాత వాయించేవాడు."

"మీ తాత దున్నపోతంత మనిషి. నువ్వు గట్టిగా గాలొస్తే కొట్టుకుపోతావు."

"నీ నోట ఒక్క మంచి మాట రాదు కదే" అని నవ్వబోయి దగ్గడం మొదలుపెట్టాడు. ఇల్లు చేరేదాకా ఆ దగ్గు ఆగలేదు. నేను రోడ్డు మీదే చూపు పెట్టి కారు నడిపాను.

ఊళ్ళో బ్యాండు ఉంది. అందులో నేర్చుకునేవాళ్ళంతా బడిపిల్లలు. వాళ్ళ పక్కన కూర్చోడానికి దొరగారికి నామోషీ. అందుకని వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని అందులోనే పాఠాలు మొదలుపెట్టాడు. మనం ఊదుతుంటే ఆ ప్రోగ్రాం విని తెర మీద ఒక గీత గీస్తుంది. ఊపిరి నిలకడగా ఉంటే గీత పచ్చగా తిన్నగా వస్తుంది, తడబడితే ఎర్రబడి వంకర్లు పోతుంది. మొదట తిత్తి లేని చిన్న గొట్టం మీద నేర్చుకోవాలట. లాకీ గీత మా ఊరి రోడ్డులాగే ఉండేది, అంతా గతుకులే.

"చూడవే, ఇవాళ ఎరుపు తగ్గింది."

"తగ్గింది. నీ మొహంలోకి ఎక్కింది."

గురువారం సాయంత్రాలు ఐవర్ అని ఒక కుర్రాడు ఒంటారియో నుంచి తెర మీదికొచ్చి ఎలా సాగుతోందో చూసేవాడు. వయసులో మాకు కొడుకవుతాడు, అయినా లాకీ అతన్ని "మాస్టారూ" అనేవాడు. క్రిస్మస్ అయ్యాక ఐవర్ ఇక తిత్తి ఉన్న అసలు వాద్యం సంపాదించుకోమన్నాడు. ఆ మాట ఊళ్ళో పాకినట్టుంది. ఒకరోజు ఎఫీ ఒక నల్లపెట్టె మోసుకొచ్చి మా గుమ్మంలో పెట్టింది.

ఎఫీ తమ్ముడు డూగల్డ్, లాకీతో కలిసి గనిలో పనిచేసినవాడే. అదే దుమ్ముతో పోయాడు. మూడేళ్ళయింది. పెట్టె అప్పట్నుంచీ అతని మంచం కిందే ఉందట.

లాకీ మూత తీశాడు. లోపల తోలుతిత్తి నిండుగా ఉబ్బి ఉంది. మూత ఒత్తిడి తగ్గగానే కొంచెం పైకి లేచింది. శ్రుతి గొట్టాలన్నిటికీ బిరడాలు బిగించి ఉన్నాయి.

"ఇదేంటి, ఇందులో గాలుంది?" అన్నాను.

"తమ్ముడు పోయిన రోజు పొద్దున నన్ను లేపి కూర్చోబెట్టమన్నాడు" అంది ఎఫీ. "కూర్చుని దాన్ని నింపాడు. బిరడాలు నేనే పెట్టాను. తర్వాత పడుకున్నాడు, అంతే."

"మంచినీళ్ళు అడగడానికే ఊపిరి లేనివాడు, అంత తిత్తి ఎట్లా నింపాడు?"

ఎఫీ కోటు గుండీలు పెట్టుకుంది. టీ తాగి వెళ్ళమంటే, పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చానంది. ఆమె ఇంటి పొగగొట్టం మా కిటికీలోంచి కనిపిస్తుంది. అందులోంచి పొగ రావడం లేదు.

ఇంకొకరైతే ఆ పెట్టె అప్పుడే బయట పెట్టేవాళ్ళు. ఈ వాయించేవాళ్ళ లోకం వేరు. తిత్తిలోంచి గాలి కారకూడదు, అదొక్కటే వాళ్ళ బెంగ. బిరడాలు బిగించి, తిత్తి నింపి, మీద వాలి, ఒక గంట ఆగితే గొప్ప అని చెప్పుకుంటారు. మూడేళ్ళు గాలి దిగని తిత్తి అంటే లాకీకి లాటరీ తగిలినట్టే. కెమెరా ముందు పెట్టి గుప్పిళ్ళతో బాది చూపించాడు.

"మూడేళ్ళా!" అన్నాడు ఐవర్. "అదృష్టవంతులండీ మీరు. దాన్ని కడగొద్దు, విప్పొద్దు, ఏమీ చెయ్యొద్దు. అలాగే వాయించండి."

తెర దాటి వాసన వెళ్ళదు కదా. ఎదురుగా కూర్చున్న గురువైతే ఆ మాట చచ్చినా అనేవాడు కాదు. తోలు మెత్తబడ్డానికి పాతకాలం వాళ్ళు తిత్తి లోపల తేనె, నూనె కలిపి పోసేవాళ్ళట. ఆ తేనె లోపలే పులిసింది. దాంతోపాటు మంచం పట్టినవాళ్ళ దిండు వాసన, కట్టుడు పళ్ళు నానేసిన నీళ్ళ వాసన. ఊదే గొట్టం కొసన డూగల్డ్ పళ్ళు కొరికిన గాట్లు. గాట్లలో నల్లటి జిడ్డు.

"వేణ్ణీళ్ళతో కడిగి పెట్టుకో నోట్లో" అన్నాను.

లాకీ ప్యాంటుకి ఒకసారి తుడిచి నోట్లో పెట్టేసుకున్నాడు. పళ్ళు అటూ ఇటూ కదిపి ఆ గాట్లలో కూర్చోబెట్టుకున్నాడు. "సరిగ్గా కుదిరిందే" అన్నాడు గొట్టం పక్కనుంచి. ఛీ అని ముఖం తిప్పుకున్నాను.

బిరడాలు తీసి వాయించాడు. తెర మీద పచ్చగీత. తిన్నగా, ఒక్క వంకర లేకుండా.

నిజం చెప్పొద్దూ, నాకూ సంతోషం వేసింది. దగ్గు తగ్గింది. పది రోజులు తిరిగేసరికి కట్టెలు తనే మోసుకొచ్చాడు. ఫిబ్రవరి గురించి భయం లేకుండా పడుకున్నాం. అందుకే మిగతాది చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

మిగతాది అంటే ఆయన నోరు. నాలుక మీద తెల్లటి పొర కట్టింది. పెదవుల మూలల్లో పసుపుపచ్చ జిగురు. కప్పు దించితే అది తీగలా సాగి అంచుకి అతుక్కునేది. పొద్దున్నే దిండు గలీబు చెంప నుంచి పీకి తియ్యాల్సి వచ్చేది. ఆ కప్పు వేరే పెట్టి మరిగే నీళ్ళు పోసి కడిగేదాన్ని. ఊదేవాళ్ళ గొట్టంలో ఉమ్మి చేరుతుంది, మధ్యమధ్య దులుపుకోవాలి. లాకీ దులపడం మానేశాడు. ఒకరోజు నేను చూస్తుండగానే తల వెనక్కి వాల్చి, గొట్టం పైకెత్తి, అది నోట్లోకి వంపుకుని మింగాడు.

"ఏం చేస్తున్నావురా దేవుడా" అన్నాను. సింకు దగ్గరికి పరిగెత్తాను.

"తియ్యగా ఉందే" అన్నాడు. సిగ్గుగా నవ్వాడు. ఆ నవ్వు మాత్రం లాకీదే.

జనవరి చివరి గురువారం మంచుతుఫాను పట్టుకుంది. సాయంత్రం నాలుగున్నరకే చీకటి. కిటికీ అద్దాల మీద మంచు ఇసక విసిరినట్టు తగులుతోంది. నేను పొయ్యి దగ్గర బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాను. లాకీ తెర ముందు నిలబడి వాయిస్తున్నాడు. తెరలో ఐవర్ ముందుకి వంగి చూస్తున్నాడు. ఎప్పుడూ మధ్యలో అడ్డుపడి తప్పులు చెప్పేవాడు, ఆవేళ కళ్ళు లాకీ ఛాతీ మీదే పెట్టాడు.

"లాకీ గారూ..." అన్నాడు చివరికి. గొంతు తగ్గించి అన్నాడు. "ఒక్కసారి గొట్టం నోట్లోంచి తియ్యండి."

తీశాడు. మోత ఆగలేదు. నోరు తీసినా తిత్తిలో ఉన్న గాలి కాసేపు పలుకుతుంది, అది నాకూ తెలుసు. దుంప చెక్కు తీసేశాను. ఇంకోటి తీసుకున్నాను. మోత అలాగే ఉంది. దాని చెక్కు కూడా అయిపోయింది...

"చంక కింద నొక్కుతున్నారా?"

"లేదు మాస్టారూ." లాకీ చెయ్యి పైకెత్తి చూపించాడు. తిత్తి ఆయన పక్కటెముకలకి అతుక్కుని ఉంది. ఒక్క పిసరు కూడా తగ్గలేదు.

"మేడమ్... మీరున్నారా అక్కడ?"

"ఉన్నాను" అన్నాను. ఎందుకో నేనూ గుసగుసగానే అన్నాను.

"ఊదే గొట్టం ఊడలాగండి. అడుగున చిన్న తోలుముక్క ఉంటుంది. నాకు చూపించండి."

లాగాను. చేతిలో జారింది. వెచ్చగా ఉంది. గొట్టం ఊడిన చిల్లులోంచి గాలి నా మణికట్టుకి తగిలింది... ఆగింది... లోపలికి పీల్చుకుంది... మళ్ళీ తగిలింది. గొట్టం అడుగు కెమెరాకి పెట్టాను. నాలుకంత తోలుముక్క, జిగురుతో మెరుస్తోంది.

ఐవర్ తెరకి దగ్గరగా జరిగాడు. "మనం ఊదిన గాలి మళ్ళీ నోట్లోకి రాకుండా ఆ మూత పెడతారు" అన్నాడు. "తిత్తి నింపాక ఎవరో దాన్ని తిరగేసి కట్టారు."

"అంటే?"

"ఆయన నోట్లోంచి గాలి అందులోకి పోదు. అందులోంచే ఆయన నోట్లోకి వస్తుంది." పెదవులు తడుపుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఆయన ఊదలేదండీ..."

కరెంటు పోయింది. లాప్‌టాప్ వెలుగుతూనే ఉంది గానీ ఐవర్ కదలడం లేదు, నోరు తెరుచుకుని అలాగే ఆగిపోయాడు. మోత ఆగలేదు. చీకట్లో పులిసిన తేనె కంపు గుప్పున లేచింది. నాలుక మీదికే వచ్చింది.

"ఆపవే..." అన్నాడు లాకీ. "ముర్డీనా... ఆపవే..."

చేతిలో దుంపల కత్తి ఉంది. పీత పొట్ట చీల్చినట్టు చీల్చాను. మోత దిగజారి, నిట్టూర్పుగా మారి, నా ముఖం మీదుగా పోయింది. తడి... వెచ్చటి తడి. అది నా పెదవుల మీద పడింది. తెర వెలుగులో చూశాను. ఎండిన తోలు ఉండాల్సిన చోట ఎర్రటి కండ. పొరలు పొరలుగా, పీత మొప్పల్లా. మధ్యలో బొగ్గుమసి కలిసిన కఫం ముద్దలు. ఆ పొరలు ఇంకా లేస్తున్నాయి... పడుతున్నాయి...

థూ! సింకులో తల పెట్టి, కడుపులో ఉన్నదంతా కక్కాను. ఆపైన పైత్యం కక్కాను. పట్టకారుతో దాన్ని బకెట్లో వేసి మంచులోకి విసిరాను. తెల్లవారాక డ్రమ్ములో కిరసనాయిలు పోసి తగలబెట్టాను. సగం కాలేదాకా అది బుసకొడుతూనే ఉంది. లాకీ కిటికీ దగ్గర నిలబడి గుండె రుద్దుకుంటూ చూశాడు.

ఐవర్ మళ్ళీ తెర మీదికి రాలేదు. లాకీ అడగలేదు. దగ్గు కూడా తిరిగి రాలేదు. నాలుక శుభ్రపడింది. పోయిన పీడ పోయింది, మనిషి దక్కాడు అనుకున్నాను. ఫిబ్రవరిలో ఆసుపత్రి మెట్లు ఆయన నాకంటే ముందు ఎక్కాడు.

"గట్టిగా, ఆపకుండా, మీ వల్ల అయినంతసేపు ఊదండి" అంది డాక్టరమ్మ, గొట్టం ఆయన చేతికిచ్చి.

లాకీ ఊదాడు. యంత్రం మీద అంకెలు పెరిగాయి. డాక్టరమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది. నాకు కళ్ళు తడిశాయి.

"భేష్" అంది ఆమె. "కుర్రాళ్ళు కూడా ఇంత ఊదలేరు. ఇక సిలిండరు మాటే లేదు. చాలండీ."

అంకెలు పెరుగుతూనే ఉన్నాయి.

"చాలండీ... ఇక ఆపొచ్చు."

గొట్టం చివరినుంచి పసుపుపచ్చ తీగ ఒకటి సాగి ఆమె బల్ల మీద పడింది. లాకీ నా వంకే చూస్తున్నాడు. ఆ చూపులో వణుకు ఉంది. ఛాతీ పైకి లేవడం లేదు. కిందికి దిగడమూ లేదు. డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుంది. నేనే లేచి, ఒంగి, ఆ గొట్టం ఆయన పళ్ళ మధ్యనుంచి లాగేశాను.

"ముర్డీనా..." అన్నాడు, నాకు మాత్రమే వినపడేంత మెల్లగా. "నేను ఎప్పుడో ఆపేశానే."

మాట అయిపోయింది. నోరు తెరిచే ఉంది. నా నుదుటి మీద జుట్టు ఎగురుతూనే ఉంది.