ద్రాక్షరసం గొడవ

కళ్లజోళ్ల షాపులో పనిచేసే ఆ అమ్మాయికి ఆ ఆదివారం ఒళ్లు మండిపోయింది. మండదా మరి? ఆమెది వేరే మతం. చర్చి గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. వచ్చింది కాబోయే అత్తగారి మెప్పు కోసం. తీరా నలుగురిలో దొంగలా నిలబడాల్సి వచ్చింది.

అంతా నిదానం చలవే. అతను బండ్ల మెకానిక్కు. ఏ మాటైనా "నిదానంగా చెబుదాంలే" అంటాడని ఆ పేరే స్థిరపడిపోయింది. ప్రేమిస్తున్నానని చెప్పడానికి ఏడాది పట్టింది మహానుభావుడికి. ఈలోగా చూపు బాగానే ఉన్నా మూడు కళ్లజోళ్లు కొన్నాడు.

ఆమెకు చిన్నప్పటి నుంచీ షుగరు. రోజూ ఇన్సులిన్ పొడుచుకోవాలి. ఉన్నట్టుండి షుగరు పడిపోతే నోట్లో వేసుకోవడానికి గ్లూకోజు పక్కనే ఉండాలి. ఈ సంగతి మీ అమ్మకు చెప్పు మొర్రో అని ఆమె ఎన్నాళ్లుగానో పోరుతోంది. ఆ రోజు కూడా గేటు దగ్గర, సూదులు అమ్మ కంట పడితే బాగుండదు, నిదానంగా చెబుదామని బతిమాలి, గ్లూకోజుతో సహా మందుల బ్యాగు తన బండి డిక్కీలో పెట్టించాడు. గంటే కదా అన్నాడు.

ఆ గంట రెండయింది. ప్రసంగం తెమలలేదు. ఆమెకు చెమటలు పట్టాయి, వేళ్లు వణికాయి, ముందు వరసలో తలలు రెండేసి కనబడ్డాయి. లేద్దామంటే కాళ్లలో సత్తువ లేదు. అప్పుడే వరస వెంబడి ఒక పళ్లెం వచ్చింది. దాని నిండా బుల్లి గ్లాసులు, వాటిలో ద్రాక్షరసం. పక్కనున్న పెద్దావిడ ఒకటి పుచ్చుకుని కళ్లు మూసుకుంది. ఈమె ఒకటి గటగటా తాగేసింది. ఇంకోటి. ఇంకోటి. పళ్లెం వదల్లేదు.

పెద్దావిడ కళ్లు తెరిచేసరికి సగం పళ్లెం ఖాళీ. ఇది ప్రభువు రక్తానికి గుర్తని, బాప్తిస్మం తీసుకున్నవాళ్లే పుచ్చుకోవాలని, సిగ్గుండాలని ఆవిడ చెవిలో చెప్పిన మాట మూడు వరసలకు వినబడింది. కాబోయే అత్తగారు కూడా తిరిగి చూసింది. అమ్మాయి నిదానం వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

కాళ్లు స్వాధీనంలోకి రాగానే ఆమె బయటికి నడిచింది. మెట్ల దగ్గర అతను పరుగున వచ్చి అందుకున్నాడు.

"అక్కడ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావేం?"

"అమ్మ ఈ పెళ్లి వద్దంటే ఏం చేయాలో తెలీక..."

"నా జబ్బంటే నాకు లేని సిగ్గు నీకెందుకు? ఇది నిదానంగా పోయేది కాదు, అసలు పోయేదే కాదు. నాతో బతికేవాడు దీన్ని నోరు తెరిచి చెప్పగలగాలి. చేతకాకపోతే ఇక్కడితో సరి."

ఆమె చెయ్యి చాపి బండి తాళం అడిగింది. అతను ఇచ్చాడు. బ్యాగు తీసుకుంటూ ఉంటే కోపం కాస్తా ఏడుపుగా మారబోయింది. అంతలో వాళ్లమ్మ మెట్లు దిగింది.

ఆవిడ నోరు తెరవకముందే నిదానం ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు. "అమ్మా, ఈమెకు షుగరుంది. ఎప్పటికీ ఉంటుంది. ఇందాక ప్రాణం మీదికొచ్చి తాగింది. మందు బ్యాగు దాయించింది నేను. చేసుకుంటే ఈమెనే చేసుకుంటాను."

ఆవిడ కొడుకు వీపు మీద ఒక్కటిచ్చింది. తర్వాత అమ్మాయిని మెట్టు మీద కూర్చోబెట్టి, ఇప్పుడు షుగరెంతుందో చూసుకోమంది. అమ్మాయి వేలు పొడుచుకుంటూ, అది అంత పవిత్రమైనదని తెలీదండీ, క్షమించండి అంది. అది ప్రాణం పోయడానికి ఇచ్చిందేనమ్మా అంటూ ఆవిడ ఆ చేతిని పట్టుకుంది.

నిదానం హమ్మయ్య అనుకుని దగ్గరికి జరగబోయాడు. వాళ్లమ్మ కళ్లెర్రజేసింది.

"లోపల రెండు గంటలు క్షమించమనే చెప్పారు," అంది అమ్మాయితో. "వీణ్ణి మాత్రం ఇవాళ క్షమించకు. ఇంటికి పద, ఇద్దరం కలిసి తిడదాం."