వియ్యపురాలి ఓవెన్ తలుపు

ఆదివారం పొద్దున్నే రోజలిండ్ తన కొత్త నవలలో ఉల్లిపాయల సూపు ఘట్టం రాస్తోంది. మొగుణ్ణి వదిలేసి సముద్రం ఒడ్డున టీ దుకాణం పెట్టుకున్న కథానాయికకు పక్కింటి చేపలాయన సూపు చేసి తెచ్చిపెడతాడు. వెన్నలో ఉల్లిపాయలు ఎర్రగా వేగడానికే రెండు పేజీలు పట్టాయి. రాస్తున్న ఆవిడ మాత్రం నిన్నటి బిస్కెట్టు నములుతోంది. ఆవిడ పుస్తకాలు చదివి ఇంగ్లండులో ఆడవాళ్ళంతా లొట్టలేస్తారు గానీ, ఆవిడ వంటింట్లో మూకుడు ఎక్కడుందో ఆవిడకే తెలియదు.

కూతురు హారియెట్ ఫోన్ చేసింది.

"అమ్మా, భోజనానికి ఒంటిగంటకల్లా వచ్చెయ్యి. పుడ్డింగులు నీ కోసం ఆగవు."

"ఈ వారం కూడా మీ అత్తగారింట్లోనేనా?"

"మరి నువ్వు వండుతావా ఏంటి?" హారియెట్ నవ్వింది. "అన్నట్టు చెప్పడం మర్చిపోయాను. బిడ్డ పుట్టాక మొదటి నెల మా అత్తగారు నోరీన్ దగ్గరే ఉందామనుకుంటున్నాం."

రోజలిండ్‌కి గుండెల్లో కారం చల్లినట్టయింది. "ఒక్కగానొక్క కూతురివి. మరి నేనెందుకున్నాను?"

"నీకు రాసుకునే పని ఉంటుందిగా అమ్మా."

ఆ మాటలో దెప్పిపొడుపేమీ లేదు. దెప్పినా కాస్త బాగుండేది.

నోరీన్ ఇల్లు యార్క్‌షైర్‌లో, బ్రాడ్‌ఫర్డ్ ఊరి పక్కనే. మనిషి పొట్టి, గొంతు పెద్దది. రోజలిండ్ వెళ్ళేసరికి ఆ ఇరుకు వంటింట్లో హారియెట్ అత్తగారి భుజం మీద గడ్డం ఆనించి, గరిటెలో గ్రేవీ నాకుతోంది. "ఇంకొంచెం ఉప్పు పడాలి" అంటోంది. "నీ మొహం, నీకు నోరు చేదెక్కింది" అంటోంది నోరీన్. తన భుజం మీద కూతురు అలా ఎప్పుడు వాలిందో రోజలిండ్‌కి గుర్తు రాలేదు. ఒళ్ళు భగ్గుమంది.

"గారేజీలోంచి కుర్చీలు తెస్తాం. ఓవెన్ జోలికి మాత్రం ఎవరూ వెళ్ళకండి. తలుపు తీశారంటే చేతులు విరిచేస్తా!" అని అందరికీ కలిపి హెచ్చరించి, నోరీన్ కోడల్ని వెంటబెట్టుకుని వెళ్ళింది.

వంట గురించి రోజలిండ్‌కి కచ్చితంగా తెలిసిన సంగతి ఒక్కటే ఉంది. కిందటి నవలలో ఆవిడ కథానాయిక, పుడ్డింగులు పొంగుతుంటే వాసన చూడ్డానికి ఓవెన్ తలుపు తీసింది. యార్క్‌షైర్ ఆడవాళ్ళు ఊరుకుంటారా? కుప్పలుగా ఉత్తరాలు రాశారు. 'చల్లగాలి తగిలితే పుడ్డింగు చచ్చి ఊరుకుంటుంది, ఆ మాత్రం తెలీదా తల్లీ' అని దులిపేశారు.

ఓవెన్ అద్దంలోంచి చూసింది. మాంసంతో నంజుకునే ఆ పిండి పుడ్డింగులు పూరీల్లా పొంగుతున్నాయి. వాటికి ఎంత పొగరో అనిపించింది. తలుపు తీసింది. తీసి, అలాగే పట్టుకుని నిలబడింది. మళ్ళీ వేసి వెనక్కి తిరిగేసరికి, పెరటి గుమ్మంలో కుర్చీ పట్టుకుని నోరీన్ నిలబడి ఉంది.

నోరీన్ ఓవెన్ వైపొకసారి చూసి, కుర్చీ తీసుకెళ్ళి బల్ల దగ్గర వేసింది.

బల్ల మీదకి వచ్చిన పుడ్డింగుల్ని చూసి నోరీన్ భర్త డెరెక్ కళ్ళు పెద్దవి చేశాడు. "ఇదేంటే, వీటి మీద ఎవరైనా కూర్చున్నారా?"

"ఓవెన్ ముసలిదైపోయింది, నాలాగే. నోరు మూసుకుని తిను" అంది నోరీన్.

హారియెట్ మాత్రం వదల్లేదు. "పోయిన వారం దాకా బాగానే ఉందిగా? అమ్మా, వంటింట్లో నువ్వొక్కదానివే ఉన్నావు. తలుపు తీశావా?"

"పోనీలే తల్లీ" అంది నోరీన్.

తన తప్పును ఆవిడ కప్పిపుచ్చడం రోజలిండ్‌కి ఇంకా మంటగా అనిపించింది. "తీశాను! కావాలనే తీశాను. నా కూతురు నన్ను కాదని ఈ పుడ్డింగుల వెంట పడుతోంది. నాకు కుళ్ళే, ఒప్పుకుంటున్నాను. సరా?"

"పుడ్డింగుల వెంటా?" హారియెట్ ఫోర్కు కింద పెట్టేసింది. "నీ పుస్తకాల్లో ప్రతి ఆడపిల్లకీ ఎవరో ఒకరు వేడివేడిగా వండిపెడతారమ్మా. చిన్నప్పుడు నేను పక్కగదిలో డబ్బాలోని బీన్స్ వేడి చేసుకోకుండానే తినేదాన్ని. తలుపు కొడితే 'ఉష్, సూపు ఘట్టం రాస్తున్నా' అనేదానివి. ఆ సూపు నాకెప్పుడు పెట్టావు?"

రోజలిండ్ తన కంచం పక్కకి నెట్టేసింది. హారియెట్ మొగుడు గారెత్ తల దించుకున్నాడు. డెరెక్ మాత్రం మెల్లగా, "నోరీన్, కాస్త గ్రేవీ..." అన్నాడు.

నోరీన్ అలవాటు కొద్దీ లేచింది. లేచి, గ్రేవీ గిన్నె ఠక్కున బల్ల మీద పెట్టింది.

"ఆ సూపు నేను తాగానమ్మాయ్" అంది. "మీ అమ్మ పుస్తకాలన్నీ నా దగ్గరున్నాయి. స్నానాలగదిలో గడియ పెట్టుకుని చదువుతాను. ఇంతసేపేంటని ఈయన అడిగితే కడుపు బాగాలేదంటాను."

"నీకెందుకా పుస్తకాలు? అంత బాగా వండుతావుగా!" అన్నాడు డెరెక్.

"వంట కోసం కాదయ్యా. ఆ పుస్తకాల్లో ఆడదాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎవరో వచ్చి ముందు కంచం పెడతారు. 'తిను, చల్లారిపోతుంది' అంటారు. ఆ ముక్క దగ్గర నాకు ఏడుపు ఆగదు. పెళ్ళయ్యాక ఈ ఇంట్లో నేను వేడిగా తిన్న పూట ఒక్కటి చెప్పు." అని రోజలిండ్ వైపు తిరిగింది. "నేనూ కుళ్ళుకున్నానండీ మిమ్మల్ని చూసి. ఇలాంటివి రాసే ఆవిడకి ఇంట్లో ఎవరో వండి వడ్డిస్తుంటారనుకున్నాను."

"ఎవరూ లేరు. అందుకే రాసుకున్నాను" అంది రోజలిండ్. ఆ మాట తన నోట ఎప్పుడూ రాలేదు. వచ్చేశాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రోజలిండ్ లేచి, నోరీన్ ముందున్న కంచం వంటింట్లోకి తీసుకెళ్ళింది. మాంసం, బంగాళాదుంపలు వేడి చేసింది. చెయ్యి కాల్చుకుంది కూడా. గ్రేవీ పోసి, తెచ్చి ముందు పెట్టింది.

"తినండి. చల్లారిపోతుంది."

డెరెక్ ఇంకా గ్రేవీ పడని కంచంతో గిన్నె వైపు చూశాడు. "మీకు చేతులున్నాయిగా!" అంది రోజలిండ్. ఆయన గతుక్కుమని తనే పోసుకున్నాడు. నోరీన్ ముద్ద తర్వాత ముద్ద తింది. కన్నీళ్ళు గ్రేవీలో పడుతున్నా తుడుచుకోలేదు.

"నువ్వు కూడా వచ్చి ఉండమ్మా, ఆ నెల" అంది హారియెట్ కాసేపటికి.

"నేనొచ్చి ఏం చేస్తానే? నాకు వంట రాదుగా."

"నోరీన్ వండుతుంది. నువ్వు నోరీన్‌కి వడ్డించు. నేర్చుకుంటావులే."

అని, నిండు నెలల కడుపుతో బల్ల పట్టుకుని లేచి, తల్లి ముట్టుకోని కంచం అందుకుని వంటింట్లోకి వెళ్ళింది. వేడి చేసి, పొగలు కక్కుతుండగా తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. ప్రతి పుస్తకంలోనూ ఈ ఘట్టం రాసిన మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

హారియెట్ తల్లి భుజం మీద గడ్డం ఆనించింది. "తిను అమ్మా" అంది.