పోయిన ఇంజన్

ఇంజన్ పోయిందని కంప్లైంట్. ఇన్‌స్పెక్టర్ తాళం తిప్పగానే కారు గుర్రుమంటూ స్టార్టయింది.

"ఇది అసలు ఇంజన్ కాదు సార్," అన్నాడు మరిది, పట్టు రుమాలుతో మెడ తుడుచుకుంటూ. "అన్నయ్య పోయాక అసలుది అమ్మేసి, దీన్ని పెట్టించింది మా వదిన. అరెస్ట్ చెయ్యండి."

ఇన్‌స్పెక్టర్ అతన్ని ఎగాదిగా చూశాడు. అన్న పోయి ఏడాది తిరగలేదు. వదినను జైలుకు పంపడానికి సెంటు కూడా పూసుకొచ్చాడు.

ఎర్రటి పాతకాలపు స్పోర్ట్స్ కారు. అన్నదమ్ములిద్దరూ కలిసి కొన్నది. ఇప్పుడు వదిన వాటాను మరిది కొనుక్కోవాలి. న్యాయమైన మార్కెట్ ధర వాల్యుయర్ తేల్చాలి. ఆయన తేల్చేశాడు. ఇంజన్ మీది నంబరు రికార్డులతో కలవలేదట.

"ఇలాంటి కార్లకు ఫ్యాక్టరీలో బిగించిన ఇంజనే ప్రాణం," అన్నాడు వాల్యుయర్, తెల్ల గ్లౌజులు సర్దుకుంటూ. "అది మారితే ధర సగానికి సగం."

"నడుం వంచి కింద చూశారా?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

వాల్యుయర్ తన ఇస్త్రీ ప్యాంటు వైపు చూసుకున్నాడు. దీనికో ఫీజు కూడానా అనుకున్నాడు ఇన్‌స్పెక్టర్.

వదిన షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. వీధిలో అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి.

"ధర తగ్గితే తగ్గనివ్వండి సార్. నన్ను దొంగంటే మాత్రం ఊరుకోను."

"షెడ్డు తాళాలు ఎవరి దగ్గరున్నాయమ్మా?"

"ఒకటి నా దగ్గర, ఒకటి ఇతని దగ్గర."

ఇన్‌స్పెక్టర్ కారు కింద దూరి టార్చి వేశాడు. బయటికొచ్చి బట్టలు దులుపుకున్నాడు.

"ఇంజన్‌ని పట్టి ఉంచే బోల్టులు పాత పెయింట్‌తో మూసుకుపోయాయి. ఎక్కడా పగుల్లేదు. వాటిని విప్పకుండా ఇంజన్ బయటికి రాదు. అంటే ఇది అసలుదే. మారింది నంబరు. ఎవరో గ్రైండర్‌తో అరగదీసి వేరేది గుద్దారు."

"ఇంకెవరు, వదినే!" అన్నాడు మరిది.

"తన వాటా ధర తనే తగ్గించుకోవడానికా?"

మరిది మళ్లీ రుమాలు తీశాడు.

"ఇంజన్ సందుల్లో ఇనప రజను నిండా ఉంది. పక్కనున్న మడ్‌గార్డ్ మీద ఒక్క నలుసు లేదు, ఒక్క గీత లేదు. ముందు దుప్పటి పరిచి, తర్వాత గ్రైండర్ పట్టాడు. పెయింట్ మీద అంత ప్రేమ ఎవరికుంటుంది? రేపు ఇందులో ఊరేగాలనుకున్నవాడికే."

ఇన్‌స్పెక్టర్ సైగ చేయగానే కానిస్టేబుల్ వెళ్లి, మరిది వేసుకొచ్చిన కారు డిక్కీలోంచి దుప్పటి తెచ్చాడు. ఇన్‌స్పెక్టర్ జేబులోంచి అయస్కాంతం తీసి దాని మీద రుద్దాడు. అది గడ్డం మొలిచినట్టు రజనుతో పైకి లేచింది.

మరిది రెండు చేతులూ జోడించాడు. "నంబరే కదా సార్! కొన్నాక పాతది మళ్లీ గుద్దించేవాణ్ణి."

"అయ్యో రామా!" వాల్యుయర్ నెత్తి కొట్టుకున్నాడు. "ఫ్యాక్టరీ ముద్ర పోతే పోయినట్టే. ఎన్నిసార్లు గుద్దినా అది దొంగ నంబరే!"

ఇన్‌స్పెక్టర్‌కి నవ్వాగలేదు. దొంగతనం చెయ్యడానికైనా కాస్త బుర్ర ఉండాలి. "జీపెక్కు," అన్నాడు మరిదితో. "పోతూ పోతూ దొంగెవరో వీధిలో వాళ్లందరికీ వినపడేలా చెప్పు."

మరిది చెప్పాడు. మొదట గొణిగాడు. ఇన్‌స్పెక్టర్ మళ్లీ చెప్పించాడు.

వదిన కళ్లు తుడుచుకుని కారు దగ్గరికొచ్చింది. "సార్, నా వాటా అతనికే అమ్ముతాను. అసలు ఇంజన్‌కి ఎంత ధరో అంతకే."

"కానీ అమ్మా," వాల్యుయర్ నసిగాడు, "ఇప్పుడు దీని విలువ సగమే కదా?"

"అవును," అంది వదిన. "ఆ మిగతా సగం మా మరిదే అరగదీశాడు."