సైడ్‌బార్‌లో ఐదంకెలు

పర్భణీలో బండి ఆగేసరికి మూడో బోగీ పదిహేడో సీటులో ఏజెంట్ గోవింద్ కునుకు తీస్తున్నట్టే కనిపించాడు. చాయ్ అమ్మేవాడు రెండుసార్లు పిలిచి, భుజం తట్టాకగాని ప్రాణం లేదని తెలియలేదు. మెడ మీద సూది గాటు. ఒళ్ళో ఫోను. అందులో తెరిచి ఉన్న బ్లాగు పేరు 'బాబ్లీ సేద్యం'.

"పదకొండుకి నాందేడ్‌లో ఎక్కాడు. పర్భణీ దాకా కూడా బతకలేదు," అన్నాడు చీఫ్ రాధాకిషన్. మూడు వారాల తర్వాత, నాందేడ్ ఆఫీసులో బ్రీఫింగ్ అది. "ఆ బ్లాగులో ప్రతి పోస్టూ చదివించాను. పత్తి పురుగు, సోయా విత్తనం. కోడ్ లేదు, సైఫర్ లేదు. రాసేది సంగన్న అనే రిటైర్డ్ టీచరు. రేపు పొద్దున వెళ్ళి నువ్వే చూడు."

"మరి నితీశ్?" అడిగాడు ఏజెంట్ వినాయక్.

విదేశీ ముఠా నుంచి బయటపడి సాక్షిగా మారినవాడు నితీశ్. ముఠాలో అందరి పేర్లూ అతనికి తెలుసు.

"రేపు పది గంటల బండి. రెండో బోగీ, నలభై ఐదో సీటు. టికెట్ నేనే తీశాను. నీకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు."

"ప్రాజక్తకు చెప్పొచ్చా?"

"ఎవరికీ వద్దు."

ప్రాజక్త ఆరేళ్ళుగా వినాయక్ జోడీ. ఏ విందుకు వెళ్ళినా చూపులన్నీ ఆమె మీదే ఉండేవి. కాఠ్మాండూలో అతనికి తూటా తగిలినప్పుడు కట్టుకున్న పట్టుచీర చింపి కట్టు కట్టింది. మరాఠీ ఆమె అయినా, అతని సొంతూరు ఇస్లాపూర్ యాస తెలుగు ముచ్చటపడి నేర్చుకుంది. మర్నాడు ఎనిమిదింటికి ధర్మాబాద్ దారిలో జీపు ఆపి వినాయక్ ఆమెకే ఫోన్ చేశాడు. చీఫ్ మాట మీరడం అదే మొదటిసారి.

"స్టేషన్ల నువ్వుంటె నాకు ధైర్యం," అని బండి, బోగీ, సీటు చెప్పేశాడు.

"ఫికర్ జెయ్యకు. నేను సూస్కుంట," అంది ప్రాజక్త.

అతికించుకున్న మీసంతో, భూసార పరీక్షల కంపెనీ ఏజెంటు వేషంలో, జేబులో కెమెరా పెన్నుతో వినాయక్ సంగన్న ఊరు బాబ్లీ చేరేసరికి తొమ్మిదింపావు. బ్లాగు సంగతి ఎత్తగానే సంగన్న సంబరంగా లాప్‌టాప్ తెచ్చాడు.

"రాసుడు నాకొస్తది తమ్మీ. గీ పక్క పట్టీయే ఖాళీగుండె. పోయిన నెల నాందేడ్‌కెళ్లి ఒక మేడమచ్చి మూడు విడ్జెట్లు పెట్టి పోయింది. గడియారం, వాన కబురు, సూసినోళ్ల లెక్క."

"లెక్క సక్కగ నడుస్తుందా గురూజీ?"

"ఏం నడుసుడు? మొన్నోసారి పదకొండు వేల మూడు వందల పదిహేడు సూపించింది. మురిసి ఊరంత చెప్పుకున్న. తెల్లారి సూస్తే మల్ల పద్దెనిమిది వందలే."

వినాయక్ ఆ అంకెల్ని మనసులోనే విడగొట్టి చూశాడు. 11317. పదకొండు గంటల బండి. మూడో బోగీ. పదిహేడో సీటు.

అందరూ పోస్టులు చదివారు. సైడ్‌బార్ వైపు ఎవరూ చూడలేదు.

అతను పేజీ రిఫ్రెష్ చేశాడు. లెక్కలో 1812 పోయి 10245 వచ్చింది.

"ఆ మేడమ్ ఎట్లుంటది గురూజీ?"

"మరాఠీ బిడ్డనే. గని తెలుగు అచ్చం మీ ఇస్లాపూరోళ్ల తీరుగ మాట్లాడింది. మనామెనే అనుకొని పాస్‌వర్డ్ గూడ ఇచ్చిన. జొన్నరొట్టె తిని పోయింది."

ఆ యాస ఆమెకు ఎవరు నేర్పారో వినాయక్‌కు తెలుసు. చీఫ్‌కి ఫోన్ చేసి అంకెల సంగతి చెప్పాడు.

"సీటు ఎవరికి చెప్పావ్?" అడిగాడు రాధాకిషన్.

"ప్రాజక్తకు సార్."

"నితీశ్‌ని ఆపేస్తాను."

"ఆపండి. కానీ హంతకుడి మొహం మనకు తెలియదు, వాడికి కబురు అందేది ఆ అంకెతోనే. ఆరో బోగీ పదకొండో సీటులో, దాని చుట్టూ మనవాళ్ళని ఉంచండి. వాణ్ణి అక్కడికి నేను పంపిస్తాను."

తొమ్మిది నలభై ఐదు. విడ్జెట్‌లోని అంకె ఆమె సర్వర్ నుంచి వస్తోంది. మార్చినా మళ్ళీ మార్చేయగలదు. అందుకే ముందు పాస్‌వర్డ్ మార్చి, అడ్మిన్ల జాబితాలో ఆమె చేర్చుకున్న ఇంకో పేరునూ తీసేశాడు. లేఅవుట్ తెరిచి లెక్క విడ్జెట్ తొలగించాడు. 'యాడ్ ఎ గాడ్జెట్' నొక్కి, ఖాళీ హెచ్‌టీఎంఎల్ పెట్టెలో అదే రంగు, అదే సైజు అంకెల్లో 10611 అని రాశాడు. దాన్ని లాగి, పాతది ఉన్నచోటే వాన కబురు కింద వదిలి, సేవ్ నొక్కాడు.

చక్రం తిరుగుతూనే ఉంది. తొమ్మిది యాభై మూడు.

"ఇంట్ల నెట్ రాదు. వాకిట్లకు పట్టు," అన్నాడు సంగన్న. ఇద్దరూ లాప్‌టాప్ పట్టుకుని ఎండలోకి నడిచారు. తొమ్మిది యాభై ఏడుకి పేజీ మారింది.

వెంటనే ఫోన్ మోగింది. ప్రాజక్త.

"బ్లాగుల నన్ను తీసేసినవా విన్యా?"

"తీసేసిన. ఎప్పటి సంది నడుస్తుందిది?"

"కాఠ్మాండూకు ముందు సంది."

"మరి ఆ దినం కట్టెందుకు కట్టినవ్?"

"నువ్వు సస్తే నాకు కబుర్లెవరు చెప్తరు?"

ఆమె గొంతులో జంకు లేదు. పొద్దున ధైర్యం చెప్పిన గొంతే అది. అతనే ఫోన్ పెట్టేశాడు.

నాందేడ్ స్టేషన్లో గార్డు ఈల వేసేవేళకు బూడిదరంగు సఫారీ మనిషి ఒకడు ఆఖరిసారి ఫోను చూసుకుని, రెండో బోగీ మెట్టు మీద నుంచి కాలు వెనక్కి తీశాడు. గబగబా ఆరో బోగీ ఎక్కి పదకొండో సీటు మీదికి వంగాడు. చేతిలోని గొడుగు మొనలోంచి సూది బయటికి రాకముందే నాలుగు జతల చేతులు వాణ్ణి పట్టుకున్నాయి. మధ్యాహ్నానికి దెగ్లూర్ రోడ్డులో ప్రాజక్త కూడా దొరికింది. ఆమెను ఏమైనా అడుగుతావా అన్నాడు చీఫ్. వినాయక్ తల అడ్డంగా ఊపాడు.

సాయంత్రం రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు. 'రహస్యం ఎవరి వల్ల బయటపడింది' అన్న గడిలో తన పేరే రాశాడు. అట్టడుగున 'సహచర ఏజెంట్ సంతకం' అని ఉంది. దాన్ని ఖాళీగా వదిలేసి పంపాడు. ఆఫీసు దాన్ని 'అసంపూర్ణం' అని ముద్ర వేసి తిప్పి పంపింది.