తగ్గిందన్న సాక్ష్యం

వైద్యం చెప్పిన ఏడో రోజు పొద్దున్న ఎనిమిదింటికి నిజవాణి నోరు విప్పింది.

"అమ్మమ్మా, కాళ్ల వాపు తగ్గిందా? ఆయాసం ఎలా ఉంది?"

గోడకి బిగించిన ఆ అరచేతి వెడల్పు పలక గొంతు ఎంత ముద్దుగా ఉంటుందంటే, మాట్లాడేది యంత్రమని తెలిసినా సువార్తమ్మ ప్రతిసారీ కొంగు సర్దుకుని కూర్చుంటుంది. వంటగదిలోంచి ముందుగదిలోకి నాలుగడుగులు వేసినందుకే ఆమె రొప్పుతోంది. అయినా ఊపిరి బిగబట్టి, నవ్వు తెచ్చుకుంది.

"తగ్గింది నాయనా. దేవుడి దయవల్ల బానే ఉన్నా."

"చాలా సంతోషం అమ్మమ్మా. మీ సాక్ష్యం నమోదైంది."

టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డ ఏసుపాదానికి ఒళ్లు మండిపోయింది. ముప్ఫై నాలుగేళ్లు ఒంగోలు బస్సుల్లో కండక్టరుగా చేసి, టిక్కెట్టు లేనివాణ్ని మొహం చూసి పసిగట్టిన మనిషి, పెళ్లాం అబద్ధం పసిగట్టలేడా?

"రాత్రంతా కూర్చునే తెల్లార్చావు గదే! పడుకుంటే ఊపిరాడట్లేదని నువ్వే అంటివి. తగ్గిందని ఎట్టా చెప్పావు?"

"అంత ప్రేమగా అడుగుతుంటే లేదనేదానికి నోరు రాలేదయ్యా. పాపం, అది చెప్పిన వైద్యమే గదా. నొచ్చుకోదూ?"

"గోడకి నొప్పేందే, పిచ్చిదానా!"

ఏసుపాదం నిజవాణికి శత్రువేమీ కాదు. ఫోన్లలో పనికిమాలిన వైద్యాలు వెల్లువెత్తిన రోజులు అతనికి బాగా గుర్తు. ఏదో వీడియో చూసి చక్కెర జబ్బుకి ఇంజెక్షన్లు మానేసిన అతని అక్క నెల తిరక్కుండా పోయింది. అలా పోయినవాళ్లు లక్షల్లో తేలాక నిజవాణి వచ్చింది. అరవై దాటినవాళ్ల ఫోన్లలోకి ఇప్పుడు ఆరోగ్యం మాట మరే దారినా రాదు. నిజవాణి చెప్పే ప్రతి మాట పక్కనా 'నిగ్గు' అని ఒక అంకె కనబడుతుంది, ఆ మాట నూటికి ఎంత నమ్మదగ్గదో చెప్పడానికి. వైద్య గ్రంథాలకి అందులో కొంత వాటా. ఆ వైద్యం పాటించిన పెద్దల నోటి సాక్ష్యానికి అంతకన్నా పెద్ద వాటా. తగ్గలేదని రోగి చెబితేనే డాక్టరు చీటీ పుడుతుంది. చీటీ లేనిదే ఏ ఆసుపత్రీ పెద్దవాళ్లని గడప తొక్కనివ్వదు. దాన్ని తయారుచేసినవాళ్లు మహా మేధావులే, కాదనలేం. అనుభవించినవాడి మాటకన్నా గట్టి రుజువేముంటుందని వాళ్ల లెక్క. తెలుగునాట పెద్దవాళ్లని "ఎలా ఉన్నారు?" అని అడిగితే ఏమంటారో మాత్రం ఆ మేధావుల్లో ఒక్కరికీ తట్టలేదు.

నమోదైన సాక్ష్యాన్ని నెల దాకా మార్చడం కుదరదంది పలక. మార్చాలంటే నిగ్గు కార్యాలయానికి వెళ్లాలట.

"కుర్చీలోంచి కదలమాక. నేను పోయి మార్పించుకొస్తా," అని ఏసుపాదం బస్సెక్కాడు.

కార్యాలయంలో అధికారిణి పేరు కరుణశ్రీ. ముప్ఫై ఏళ్లుండవు. ఓపిగ్గానే విన్నది.

"తాతగారూ, ఉప్పు తగ్గించి కాళ్లు ఎత్తిపెట్టుకుంటే వాపు, ఆయాసం తగ్గుతాయన్న మాటకి నిగ్గు తొంభై ఎనిమిదండీ. పదకొండు లక్షల మంది తగ్గిందన్నారు. లేదన్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు."

"ఆ పదకొండు లక్షల మందీ బతికే ఉన్నారామ్మా?"

కరుణశ్రీ బల్ల మీది తెర వైపు తిరిగింది. "అది జనన మరణాల శాఖవాళ్లు చూస్తారండీ. కావాలంటే మీ పేటలోంచి వచ్చిన సాక్ష్యం ఒకటి వినిపిస్తాను."

తెర మీద గీత కదిలింది. "నువ్వు చెప్పినట్టే చేశానమ్మా. బాగా తగ్గింది. చల్లగా ఉండు తల్లీ!"

ఆ గొంతు ఏసుపాదానిదే.

పోయిన వానాకాలం అతని కాళ్లూ ఇలాగే వాచాయి. చనిపోయిన బావమరిది తాలూకు నీరు దిగే మాత్రలు సువార్తమ్మ డబ్బాలో మిగిలి ఉంటే, అయిపోయేదాకా పది రోజులు మింగాడు. వాపు పోయింది. బయటి మందు వాడానంటే బాగుండదని ఆ మంచి పేరేదో నిజవాణికే కట్టబెట్టాడు. కట్టబెట్టి మర్చిపోయాడు కూడా.

"అబద్ధమమ్మా అది. నేనే చెప్పా. కొట్టెయ్యి తల్లీ, నీకు పుణ్యముంటుంది."

ఆమె కొట్టేసింది. పదకొండు లక్షల్లో ఒకటి తగ్గింది. నిగ్గు తొంభై ఎనిమిది దగ్గరే నిలిచింది.

అతను రెండు చేతులూ జోడించేసరికి కరుణశ్రీకి మనసాగలేదు. "ఒక్క దారుంది. నేను అధికారిగా అడిగితే అమ్మమ్మ మళ్లీ చెప్పొచ్చు. తగ్గలేదంటే చాలు, ఈ నిమిషమే అంబులెన్సు కదులుతుంది. మీరు మాత్రం నోరెత్తకూడదు. ఎత్తితే సాక్ష్యం చెల్లదు."

ఏసుపాదం కండువా నోట్లో కుక్కుకున్నాడు.

తెర మీద సువార్తమ్మ కనిపించింది. కుర్చీలో ముందుకి ఒరిగిపోయి ఉంది. పెదాలు నేరేడు రంగుకి తిరిగాయి. కొత్త మొహం కనబడగానే ఆమె చెమట తుడుచుకుని, నిటారుగా కూర్చుంది.

"అమ్మమ్మా, దాచకుండా చెప్పండి. ఎలా ఉంది మీకు?"

చెప్పవే, ఒక్క మాట చెప్పవే అని ఏసుపాదం లోలోపల మొత్తుకున్నాడు.

"బానే ఉందమ్మా," అంది సువార్తమ్మ. మాటకీ మాటకీ మధ్య గాలి అందడం లేదు. "మధ్యాన్నమయింది... నువ్వు అన్నం తిన్నావా తల్లీ?"

కరుణశ్రీకి కళ్లు నిండిపోయాయి. అంబులెన్సు మీట నొక్కింది. 'రోగి క్షేమం. అభ్యర్థన చెల్లదు' అని వచ్చింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే వచ్చింది.

ఏసుపాదం ఆటోలో ఇల్లు చేరేసరికి పక్కింటి మరియమ్మ గుమ్మంలో కూలబడి ఏడుస్తోంది.

"ఎట్టుందొదినా అంటే బానే ఉందనే చెప్పిందన్నా! నేను మంచినీళ్లు తెచ్చేలోపే..."

అతను లోపలికి వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఏడుపు రాలేదు. వాచిన పాదాన్ని బొటనవేలితో నొక్కాడు. మెత్తటి చర్మంలో గుంట పడింది. అది పూడుతుందేమోనని, పాస్టరుగారు వచ్చి భుజం పట్టుకుని లేపేదాకా, చూస్తూనే కూర్చున్నాడు.